శనివారం తప్పిన పాస్: రిలే నోడ్‌లో 300 మెగాబైట్లు ఎలా పోయాయి

ఆ ఆదివారం ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకు మా రిలే నోడ్ (డేటాను అందుకుని, దాచి, ముందుకు పంపే మధ్య యంత్రం) నిల్వను చూపే గీత మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది. 1,800 మెగాబైట్ల దగ్గర ఉన్నది 1,500 దగ్గరికి చేరింది. ఆ ఏడున్నర గంటల్లో రిలేకు భూమితో లింకు లేదు, ల్యాండర్‌తోనూ లేదు. ఒక్క బైటు కూడా బయటికి పోయే దారి లేదు. సోమవారం ఉదయం గ్రాఫ్ చూసిన మా జట్టు ఇంజినీరు ఒకరు "నిల్వ బాగానే ఖాళీ అయింది సార్, ఇబ్బందేమీ రాలేదు" అని నివేదిక పంపారు. నేనూ సరేనన్నాను. తలుపులన్నీ మూసి ఉన్న గోదాములో బస్తాలు తగ్గుతున్నాయంటే సంతోషించాల్సిన విషయం కాదని మాకు మధ్యాహ్నానికి గానీ తట్టలేదు.

జాప్యాన్ని తట్టుకునే నెట్‌వర్కు, అంటే డీటీఎన్, మీద మేము చేసిన మూడు విడతల ప్రయోగశాల పరీక్షలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఏం మార్చామో ఇక్కడ రాస్తున్నాను. ఇది నిజమైన అంతరిక్ష నౌక మీద జరిగినది కాదు. నాలుగు లైనక్స్ యంత్రాల మీద, చంద్రుడి దూరాన్ని, లింకుల వేగాన్ని అనుకరిస్తూ నడిపిన పరీక్ష. అయితే తప్పులు మాత్రం అసలైనవే.

నేపథ్యం

మామూలు ఇంటర్నెట్‌లో రూటరు దగ్గర ప్యాకెట్ ఆగేది మిల్లీసెకన్లలోనే. ముందుకు దారి లేకపోతే రూటరు దాన్ని పారేస్తుంది. మళ్లీ పంపే బాధ్యత మూలంలో ఉన్న యంత్రానిది. రెండు చివరలూ ఒకే సమయంలో అందుబాటులో ఉంటాయనీ, జవాబు త్వరగా తిరిగి వస్తుందనీ ఇంటర్నెట్‌లో డేటా చేరవేతను చూసే టీసీపీ ప్రోటోకాల్ నమ్మకం. చంద్రుడి దాకా ఒకవైపు ప్రయాణానికే సంకేతానికి 1.28 సెకన్లు పడుతుంది. అంగారకుడికైతే గ్రహాల స్థానాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు. నా అనుభవంలో జాప్యం కంటే పెద్ద చిక్కు లింకు లేకపోవడం. ఆర్బిటర్ చంద్రుడి వెనక్కి వెళ్తుంది, గ్రౌండ్ స్టేషన్ వేరే నౌకకు కేటాయించి ఉంటుంది, రెండు చివరలూ ఒకదానికొకటి కనిపించే క్షణం అసలు ఉండకపోవచ్చు. అందుకని డీటీఎన్‌లో దారిలోని ప్రతి నోడూ తనకు అందిన బండిల్‌ను, అంటే డేటా మూటను, నిల్వలో పెట్టుకుని, తర్వాతి లింకు తెరుచుకునే వరకు గంటలైనా రోజులైనా కాపాడాలి.

ఈ నిర్మాణాన్ని వివరించిన ఆర్‌ఎఫ్‌సీ 4838, బండిల్ ప్రోటోకాల్‌ను నిర్దేశించిన ఆర్‌ఎఫ్‌సీ 5050 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు రెండూ 2007లో వెలువడ్డాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న ఏడో వెర్షన్ ఆర్‌ఎఫ్‌సీ 9171గా 2022 జనవరిలో వచ్చింది. అంతరిక్షంలో తొలి పరీక్ష 2008 ఆగస్టులో యూకే-డీఎంసీ ఉపగ్రహం మీద జరిగింది; దక్షిణాఫ్రికా తీరపు చిత్రాన్ని ముక్కలుగా బండిల్స్‌లో భూమికి దించారు. అదే ఏడాది అక్టోబరు నుంచి నెల రోజుల పాటు నాసా జేపీఎల్ కేంద్రం డీప్ ఇంపాక్ట్ నౌకను అంగారకుడి రిలేలా వాడుకుని, సుమారు 3.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో పది నోడ్‌ల నెట్‌వర్కు నడిపింది. పదింటిలో తొమ్మిది జేపీఎల్‌లోనే ఉన్నాయి, పదోది ఆ నౌక. 2024 ఫిబ్రవరిలో ప్రయోగించిన నాసా పేస్ ఉపగ్రహానికి వచ్చేసరికి డీటీఎన్ ప్రయోగ దశ దాటి రోజువారీ పనిగా మారింది.

దాచి పంపడం మనకు కొత్త కాదు. దూరసంవేదన ఉపగ్రహాలు తీసిన చిత్రాలను లోపలి రికార్డరులో పెట్టుకుని, స్టేషన్ మీదుగా వెళ్లేటప్పుడు దించుతాయి; అలా లింకు దొరికే ఒక్కో విడతను పాస్ అంటారు. అంటార్కిటికాలోని భారతి స్థావరంలో అందుకున్న డేటా మన షాద్‌నగర్ కేంద్రానికి చేరేది ఈ పద్ధతిలోనే. తేడా ఎక్కడుందంటే, అక్కడ ఏ పాస్‌లో ఏ చిత్రాన్ని దించాలో, రికార్డరులో ఏది ఎప్పుడు తుడిచేయాలో మనుషులు ముందే ఆదేశాలుగా రాసి పెడతారు. డీటీఎన్‌లో ఆ రెండు నిర్ణయాలూ నోడ్ చేతికి వెళ్తాయి. పంపడం గురించి మేము చాలా ఆలోచించాము. తుడిచేయడం గురించి ఆలోచించలేదు.

పరీక్ష అమరిక

చంద్రుడి మీద ల్యాండర్, చుట్టూ తిరిగే రిలే, భూమి మీద గ్రౌండ్ స్టేషన్, దాని వెనుక నియంత్రణ కేంద్రం, ఇవి మా నాలుగు నోడ్‌లు. 2023లో చంద్రయాన్-3 ల్యాండర్‌కు చంద్రయాన్-2 ఆర్బిటర్ సమాచార వారధిగా నిలిచిన అమరిక మా మనసులో ఉన్న నమూనా. సాఫ్ట్‌వేర్ జేపీఎల్‌లో పుట్టిన ఐయాన్. లింకు మీద ఎల్‌టీపీ ప్రోటోకాల్ పెట్టాము. పోయిన ముక్కలను మళ్లీ అడిగి తెప్పించుకోవడం దాని పని, అవతలి నుంచి రసీదు అందే వరకు పంపినవారి దగ్గర ప్రతిని ఉంచుకోవడమూ దాని పనే. జాప్యాన్ని, వేగ పరిమితిని లైనక్స్‌లోని ట్రాఫిక్ నియంత్రణతో అనుకరించాము.

లెక్క ఇలా ఉంది. ల్యాండర్ నుంచి రిలేకు 12 గంటలకొకసారి, ఉదయం పదింటికి, రాత్రి పదింటికి, అరగంట లింకు; వేగం సెకనుకు 2 మెగాబిట్లు, అంటే 2,50,000 బైట్లు. ఒక్కో లింకులో 450 మెగాబైట్లు, రోజుకు 900. రిలే నుంచి భూమికి రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు ఒకే పాస్. వేగం సెకనుకు 1 మెగాబిట్, అంటే 1,25,000 బైట్లు. 9,000 సెకన్లలో 1,125 మెగాబైట్లు దిగుతాయి. వచ్చేది 900, పోగలిగేది 1,125 కాబట్టి నెట్‌వర్కు నిలదొక్కుకుంటుందని తేల్చాము. రిలేకు 2 గిగాబైట్ల నిల్వ ఇచ్చాము. ఒక పాస్ పూర్తిగా తప్పినా రెండు రోజుల డేటా 1,800 మెగాబైట్లే, పడుతుంది. బండిల్ ఆయుష్షు (అది తీరితే నోడ్ బండిల్‌ను తుడిచేస్తుంది) 48 గంటలు పెట్టాము. ఎందుకు 48 అని అప్పుడు ఎవరైనా అడిగితే "రెండు రోజులు చాలదా" అనేవాడినే తప్ప నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు.

మొదటి విడత

శుక్రవారం మొదలుపెట్టి, శనివారం సాయంత్రం పాస్‌ను కావాలనే ఎగరగొట్టాము. వర్షానికో యాంటెన్నా మరమ్మతుకో పాస్ తప్పడం ఈ రంగంలో మామూలే. ఆదివారం పాస్‌లో 1,125 మెగాబైట్లు దిగి, నిల్వ 675కు రావాలి. సోమవారం, మంగళవారం, బుధవారం పాస్‌లతో కలిపి మొత్తం నాలుగు పాస్‌లలో బకాయి తీరాలి.

కానీ ఆదివారం పాస్ మొదలయ్యే సరికే 300 మెగాబైట్లు లేవు.

మొదట గడియారాలను అనుమానించాము. బండిల్ మీద దాని పుట్టిన సమయం, ఆయుష్షు రాసి ఉంటాయి. నోడ్ గడియారం ముందుకు పరిగెత్తితే బతికున్న బండిల్ చచ్చినట్టు లెక్క. యూకే-డీఎంసీ పరీక్ష చేసినవారు కూడా ఆ రోజుల్లోనే ఈ బలహీనతను ఎత్తిచూపారు. ఏడో వెర్షన్‌లో, నమ్మదగిన గడియారం లేని నోడ్‌ల కోసం సమయానికి బదులు బండిల్ వయసును వెంట మోసుకెళ్లే ఏర్పాటు చేర్చారు. సమయం లెక్క తప్పితే ఏమవుతుందో డీప్ ఇంపాక్ట్ చెబుతుంది. 2013 ఆగస్టు 8 తర్వాత ఆ నౌక మూగబోయింది. కంప్యూటరు కాలాన్ని లెక్కించే తీరులోని లోపమే కారణం కావచ్చని భావించారు. 2000 జనవరి 1 నుంచి సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతూ పోతే 32 బిట్ల గడి 2013 ఆగస్టు 11న నిండిపోతుంది. డీటీఎన్ కాలమానం కూడా అదే జనవరి 1 నుంచే మొదలవుతుంది, అయితే గడి అంత ఇరుకైనది కాదు. మా యంత్రాల గడియారాల మధ్య తేడా మిల్లీసెకన్లలోనే ఉంది. అనుమానం వీగిపోయింది.

తర్వాత కాగితం మీద ఒక బండిల్ ప్రయాణాన్ని రాసి చూశాము. శుక్రవారం రాత్రి పదింటి లింకులో రిలేకు చేరినదాన్ని తీసుకున్నాము. అది ల్యాండర్‌లో పుట్టింది ఆ రాత్రి పదింటికి కాదు. ఉదయం పదిన్నర నుంచి రాత్రి పది లోపు ఎప్పుడైనా పుట్టి, లింకు కోసం అక్కడే కాచుకుని ఉంది. ఆయుష్షు లెక్క మొదలయ్యేది పుట్టిన క్షణం నుంచి, రిలేకు చేరిన క్షణం నుంచి కాదు. శుక్రవారం రాత్రి పది నుంచి ఆదివారం సాయంత్రం ఆరుకు 44 గంటలు. ల్యాండర్‌లో 4 గంటల కంటే ఎక్కువ కాచుకున్న ప్రతి బండిల్‌కూ ఆ పాస్ రాకముందే 48 గంటలు నిండిపోయాయి. పన్నెండు గంటల నిరీక్షణలో ఎనిమిది గంటల వంతు, అంటే మూడింట రెండు వంతులు: 450లో 300. గ్రాఫ్‌లో గీత దిగడం మొదలైన సమయం కూడా సరిగ్గా దీనికి సరిపోయింది.

ఈ మరణాలు మాకెందుకు తెలియలేదన్నది మరో ప్రశ్న. బండిల్‌ను తొలగించినప్పుడు నోడ్ ఒక స్థితి నివేదిక పంపగలదు, కారణాన్ని సంకేత సంఖ్యగా రాయగలదు: 1 అంటే ఆయుష్షు తీరింది, 4 అంటే నిల్వ చాలలేదు, 7 అంటే సమయానికి లింకు లేదు. కానీ నివేదికల వరదలో నెట్‌వర్కే మునిగిపోకుండా వాటిని మొదట్లో ఆపి ఉంచాలని ప్రమాణమే చెబుతోంది, మేము తెరవలేదు. తొలగింపు నివేదికలను మాత్రం తెరిచి మళ్లీ నడిపితే, భూమి వైపు నోడ్‌కు ఒకదాని వెనుక ఒకటి కారణం 1తో నివేదికలు చేరాయి. అవి చేరింది కూడా ఆ సాయంత్రం పాస్‌లోనే, పోయిన బండిల్స్‌కు సంతాప సందేశాల్లాగా.

ఆయుష్షు ఎంత ఉండాలి

దీన్ని లింకుల పట్టికలోంచి లెక్కగట్టాలి. రెండు పాస్‌లు వరుసగా తప్పడాన్ని మేము తట్టుకోవాల్సిన అతి చెడ్డ పరిస్థితిగా ఎంచుకున్నాము. ల్యాండర్‌లో 12 గంటలు, ఆ తర్వాత తప్పిన మొదటి పాస్ వరకు 20 గంటలు, మరో రెండు రోజులు 48 గంటలు, మొత్తం 80. దాని మీద పాస్ నడిచే వ్యవధి. శాస్త్ర డేటాకు 7 రోజులు పెట్టాము. అదే పరిస్థితిలో నిల్వ 2,700 మెగాబైట్లకు చేరుతుంది కాబట్టి 2 గిగాబైట్లు చాలవు. రిలేకు 4 ఇచ్చాము. ఆయుష్షు పెంచి నిల్వ పెంచకపోతే బండిల్ చావు కారణం 1 నుంచి 4కు మారుతుందంతే. ఈ రెండు సంఖ్యలను వేర్వేరు మనుషులు వేర్వేరు సమావేశాల్లో నిర్ణయించడమే మా అసలు పొరపాటని ఇప్పటికీ అనుకుంటాను.

డేటా అంతటికీ ఒకే ఆయుష్షు పెట్టడం కూడా తప్పే. ల్యాండర్ బ్యాటరీ వోల్టేజి, ఉష్ణోగ్రత లాంటి ఆరోగ్య సమాచారం ఒక రోజు దాటితే పాత కబురు. దానికి 24 గంటలు పెట్టి వరుసలో ముందుంచాము. రాతి ఫోటోకు తొందర లేదు, కానీ అది పోతే మళ్లీ దొరకదు.

బండిల్ పరిమాణం గురించి జట్టులో వాదన జరిగింది. పెద్ద బండిల్ అయితే పాస్ చివర్లో సగంలో తెగితే మొత్తం మళ్లీ మొదటికి రావచ్చు. చిన్నవైతే లెక్కకు మిక్కిలి అవుతాయి. 900 మెగాబైట్లను ఒక్కో కిలోబైటుగా కోస్తే తొమ్మిది లక్షల బండిల్స్, ప్రతిదానికీ ఒక చిరునామా పట్టీ, సూచికలో ఒక గడి. స్పిరిట్ రోవర్ 2004 జనవరి 21న మొరాయించి పదేపదే రీబూట్ అవడానికి కారణం ఇలాంటిదే. 256 మెగాబైట్ల ఫ్లాష్‌లో పేరుకుపోయిన ఫైళ్ల సంఖ్యకు, వాటి పట్టికను ర్యామ్‌లో నిలపడానికి చోటు చాలలేదు. ఫ్లాష్‌ను పక్కనపెట్టి రోవర్‌ను లేపి, ఫైళ్లు తుడిచి, చివరికి ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. మేము ఒక మెగాబైటు దగ్గర ఆగాము. అది సిద్ధాంతం తేల్చిన సంఖ్య కాదు, రాజీ.

రెండో విడత

ఈసారి అదనపు భద్రతగా రెండో గ్రౌండ్ స్టేషన్‌ను చేర్చి, మధ్యాహ్నం రెండింటికి 40 నిమిషాల పాస్ ఇచ్చాము. అదే 1 మెగాబిట్ వేగంతో 2,400 సెకన్లకు 300 మెగాబైట్లు రావాలి. మళ్లీ శనివారం, ఈసారి రెండు స్టేషన్ల పాస్‌లనూ ఎగరగొట్టాము. ఆదివారం మధ్యాహ్నం 300 దిగిపోయి సాయంత్రానికి భారం తగ్గాల్సింది పోయి, లింకు మీద గందరగోళం చెలరేగింది. పంపిన ముక్కల్లో అధిక భాగం దారిలోనే రాలిపోతున్నాయి, ఎల్‌టీపీ వాటినే మళ్లీ మళ్లీ పంపుతోంది, పూర్తిగా చేరుతున్నవి కొద్ది. ఇంకా వింత ఏమిటంటే, నిల్వలో ఉన్న 1,800 మెగాబైట్లూ ఆ 40 నిమిషాల పాస్ కోసమే వరుస కట్టాయి.

తప్పు లింకుల పట్టికలో ఒక్క వరుసలో ఉంది. ఐయాన్‌లో వేగాన్ని సెకనుకు బైట్లలో రాయాలి. స్టేషన్ వాళ్లు కాగితాల మీద ఇచ్చేది సెకనుకు బిట్లలో. రెండో స్టేషన్ వరుసలో 125000 రాయాల్సిన చోట 1000000 అని ఉంది. దాంతో దారి లెక్కగట్టే పద్ధతి ఆ పాస్‌లో 2,400 మెగాబైట్లు పడతాయని నమ్మింది, అన్నిటికంటే ముందు వచ్చే లింకు అదే కాబట్టి మొత్తం డేటాను దానికే కేటాయించింది, పైగా అసలు వేగానికి ఎనిమిది రెట్లు తోసింది. ఒకే పట్టికను అన్ని నోడ్‌లకూ పంచుతాము కాబట్టి నెట్‌వర్కంతా ఒకే అబద్ధాన్ని ఏకగ్రీవంగా నమ్మింది.

పాస్ ముగిశాక ఇంకా ఎల్‌టీపీ చేతికి వెళ్లని బండిల్స్‌కు నోడ్ మళ్లీ దారి లెక్కగట్టి సాయంత్రం పాస్‌కు మార్చింది. కానీ అప్పటికే ఎల్‌టీపీ సెషన్లలో, అంటే పంపి రసీదు కోసం ఆగే విడతల్లో, సగం సగం పంపినవి రెండో స్టేషన్ తర్వాతి పాస్ వరకు, అంటే సోమవారం మధ్యాహ్నం వరకు, అక్కడే ఇరుక్కున్నాయి. రసీదు అందే వరకు ప్రతిని వదలకూడదన్న నియమం ఇక్కడ రెండు వైపులా పదునున్న కత్తి. అది కాపాడుతుంది, కట్టిపడేస్తుంది కూడా. చంద్రుడి దూరంలో రసీదు కోసం ఆగే డేటా మామూలుగా అత్యల్పం, రానుపోను 2.56 సెకన్లలో 320 కిలోబైట్లు. అదే వేగంతో అంగారకుడి దూరంలో, రానుపోను 44 నిమిషాలైతే, 330 మెగాబైట్లు కేవలం రసీదు కోసం ఎదురుచూస్తూ నిల్వలో కూర్చుంటాయి. నిల్వ లెక్క వేసేవారు ఈ పద్దును మరిచిపోతుంటారు. బండిల్ ప్రోటోకాల్ ఏడో వెర్షన్‌లో పాత సంరక్షణ బదిలీ పద్ధతిని (బండిల్‌ను కాపాడే బాధ్యతను ఒక నోడ్ మరో నోడ్‌కు అప్పగించడం) మూల ప్రమాణం నుంచి తీసేశారు కాబట్టి నమ్మకంగా చేర్చే భారం ఎక్కువగా కింది పొరలైన ఎల్‌టీపీ లాంటి వాటి మీదే పడుతుంది. అందుకని ఈ పద్దు ఇప్పుడు మరింత ముఖ్యం.

ఏ బండిలూ పోలేదు, ఏడు రోజుల ఆయుష్షు పుణ్యమా అని. పాత 48 గంటలే ఉండి ఉంటే చాలా భాగం సెషన్లలోనే కన్నుమూసేవి.

మార్పులు

లింకుల పట్టికను ఇక చేత్తో రాయడం లేదు. స్టేషన్ ఇచ్చిన బిట్ల వేగాన్ని బైట్లలోకి మార్చి వరుసలు తయారుచేసే చిన్న ప్రోగ్రాము ఉంది. అది ప్రతి వరుస పక్కన ఆ లింకులో ఎన్ని మెగాబైట్లు పడతాయో ముద్రిస్తుంది. సెకనుకు బైట్ల సంఖ్య చూసి తప్పు పట్టుకోవడం కష్టం. 40 నిమిషాల పాస్ పక్కన 2,400 మెగాబైట్లు అని కనిపిస్తే ఆ స్టేషన్‌ను ఎరిగినవారు ఎవరైనా అక్కడే ఆగుతారు.

రెండో మార్పు హెచ్చరికలది. అంతకుముందు నిల్వ 90 శాతం నిండితే మాత్రమే హెచ్చరిక మోగేది. ఇప్పుడు బయటికి ఏ లింకూ తెరిచి లేని సమయంలో నిల్వ తగ్గితే కూడా మోగుతుంది. మా జట్టుకు ఎక్కువ ఉపయోగపడింది రెండోదే.

మూడో విడతను మొదటి విడత లాగే, ఒకే స్టేషన్‌తో, శనివారం పాస్ తప్పించి నడిపాము. ఆదివారం పాస్‌కు ముందు నిల్వ 1,800 దగ్గర కదలకుండా నిలబడింది. ఆ తర్వాతి సాయంత్రాల్లో గీత మెట్లు మెట్లుగా దిగింది. కాగితం లెక్క ప్రకారం బుధవారం ఎనిమిదిన్నరకు సున్నా కావాలి. కాలేదు, సుమారు 130 మెగాబైట్లు మిగిలాయి. ప్రతి ముక్కకూ ఎల్‌టీపీ, దాని కింద నడిచే యూడీపీ, ఐపీ ప్రోటోకాల్‌లు తగిలించే శీర్షికలు లింకులో రెండు మూడు శాతం తినేస్తున్నాయి, మా 1,125లో ఆ కోత లేదు. మిగిలిన ఆ కాస్తా గురువారం సాయంత్రం పాస్ మొదలైన పావుగంట, ఇరవై నిమిషాలకు దిగిపోయింది.